ఆసుపత్రి వారి తోడు పురుషుడు

జూలై పదకొండు, ప్రపంచ జనాభా దినోత్సవం. ఆ పొద్దున కోదండం ఉప్మా పెసరట్టు తిన్నాడు. ఆ తరవాత జరిగినవన్నీ వరసగా చెప్పమంటే ఆయన ఎక్కడైనా తడబడతాడేమో గానీ, పెసరట్టు దగ్గర తడబడడు. జిల్లా కేంద్రంలో సమావేశ మందిరం వెనక షామియానా వేసి, పెనం మీంచి తీసింది తీసినట్టు వేడివేడిగా వడ్డించారు. అల్లం పచ్చడిలో బెల్లం సరిగ్గా పడింది. వడ్డించే మనిషి ఆయన ముఖం చూసి, అడక్కుండానే ఇంకాస్త పచ్చడి వేశాడు. భార్య సుభాషిణి పోయాక, అడక్కుండా తన ఆకులో ఇంకాస్త వేసిన మనిషి కోదండానికి తగలడం అరుదు. అంచేత ఆయన ఆ మనిషిని గుర్తుపెట్టుకున్నాడు.

కోదండం నీలాలవలస ముప్పై పడకల ఆసుపత్రిలో సీనియర్ అసిస్టెంటు. చరిత్రలో బీయే. రిటైర్మెంటు దగ్గర పడింది. స్త్రీల విభాగం చూసే డాక్టర్ వహీదా సమావేశానికి వస్తూ, ఫైళ్ళు మోయడానికి ఆయన్ని వెంటబెట్టుకొచ్చింది.

లోపల వేదిక మీద జిల్లా భాగస్వామ్య సమన్వయాధికారి ప్రభంజన్ గారు లేచి నిలబడ్డారు. ఆయన మాట్లాడేటప్పుడు కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుంటారు. అలా పట్టుకున్నంతసేపూ ఆయనకి ఎదుట ఉన్నవాళ్ళు కనబడరు.

"స్త్రీలు తమ వ్యాధుల నిమిత్తం ఆసుపత్రులకు ఎందువల్ల రావడం లేదు?" అని ఆయన అడిగి, ఆయనే చెప్పారు. "పురుషుడు పట్టించుకోకపోవడం వల్ల. ఇది మా అధ్యయనంలో తేలిన సత్యం. కనుక నేటి నుండి 'ఆమె వెంట అతను' అనే బృహత్తర పథకాన్ని ప్రారంభిస్తున్నాము. పురుషుడు వెంట రానిదే ఏ స్త్రీకీ స్త్రీల విభాగంలో సేవలు అందించరాదు. అప్పుడేమగును? పురుషుడు రాక తప్పదు. పురుషుడు వచ్చినచో స్త్రీ వచ్చినట్లే గదా!"

హాలంతా చప్పట్లు కొట్టింది. చేతులు కడుక్కుని ఖాళీగానే ఉన్నాయి కనక కోదండం కూడా కొట్టాడు.

డాక్టర్ వహీదా లేచింది. "సార్, వెంట వచ్చే మగవాడు లేని ఆడవాళ్ళ సంగతేమిటండీ?"

"అటువంటి స్త్రీలు మా అధ్యయనంలో తారసపడలేదు."

"అధ్యయనంలో ఎవరిని అడిగారండీ?"

"పురుషులను," అన్నారు ప్రభంజన్ గారు.

*

పథకం ఆ తరవాతి గురువారం నుంచే అమల్లోకి వచ్చింది. స్త్రీల విభాగం గుమ్మంలో బల్ల వేశారు. బల్ల మీద కంప్యూటరు, దానికి కళ్ళజోడులా ఒక కెమెరా. ఆడమనిషి, మగమనిషి పక్కపక్కన నిలబడితే కెమెరా ఫోటో తీసుకుంటుంది. ఫోటో కుదిరితే చీటీ వస్తుంది. చీటీ ఉంటేనే డాక్టరు చూడాలి, మందులివ్వాలి, పరీక్షకి పంపాలి. చీటీ నంబరు లేని సీసాని జిల్లా ల్యాబువాళ్ళు మూత కూడా తియ్యరు.

మొదటి రోజు ఆడవాళ్ళు చంకలో మగపిల్లల్ని ఎత్తుకొచ్చారు. ఉత్తర్వులో పురుషుడు అని ఉంది గానీ వయసు లేదు. ఉయ్యాలలో ఉండాల్సిన పురుషులు కెమెరా వైపు చూసి బోసినవ్వులు నవ్వారు. చీటీలు గలగలా వచ్చాయి. సాయంత్రానికల్లా జిల్లా నుంచి వివరణ వచ్చింది: "పురుషుడనగా పద్దెనిమిదేళ్ళు నిండినవాడు."

మర్నాటి నుంచి తాతలొచ్చారు, మామలొచ్చారు. ఒకావిడ మామగారిని మంచం మీంచి లేపి తీసుకొచ్చింది. ఆయనకి చెవుడు. పింఛను ఇస్తారనుకుని వచ్చి, లోపలికెళ్ళాక వేలిముద్ర ఎక్కడ వెయ్యాలని డాక్టర్ వహీదాని పట్టుకుని అడిగాడు.

పథకం ప్రకారం పురుషుడు గదిలో పక్కనే కూర్చోవాలి. భాగస్వామ్యం అన్నారు కదా. "ఏం బాధమ్మా?" అని డాక్టరు అడిగేది. ఆడమనిషి పక్కన కూర్చున్న మామగారి వైపు ఒకసారి చూసి, "తలనొప్పండీ," అనేది. బావగారు కూర్చుంటే, "తలనొప్పండీ." మొగుడు కూర్చుంటే, "కాస్త తలనొప్పండీ." ఆ నెలలో నీలాలవలసలో ఆడవాళ్ళకి తలనొప్పి తప్ప మరో జబ్బు లేకుండా పోయింది. జిల్లావాళ్ళు ఆ లెక్కలు చూసి, ఒక లారీడు తలనొప్పి మాత్రలు పంపించారు.

ఈ సందడి మొదలైన మొదటి రోజే, జిల్లా వివరణ వచ్చిన కాసేపటికి, దానమ్మ వచ్చింది.

దానమ్మ రొయ్యల షెడ్డులో రొయ్య వలుస్తుంది. పొద్దంతా ఐసు నీళ్ళల్లో నిలబడే పని. నెల నెలా వచ్చేది కాక మధ్యలో కూడా రక్తం పోతూంటే, పథకం రాకముందు ఒక్కతే వచ్చి డాక్టర్ వహీదాకి చూపించుకుంది. డాక్టరు చూసి, ముఖంలో ఏమీ కనబడనివ్వకుండా, "గర్భసంచి ముఖం దగ్గర చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలి దానమ్మా. నొప్పుండదు. గురువారం రా. ఈ గురువారం మాత్రం తప్పకు," అంది. ఆ గురువారమే గుమ్మంలోకి బల్ల వచ్చింది.

బల్ల దగ్గర ఆవేళ కోదండం డ్యూటీ.

"తోడెవరొచ్చారమ్మా?"

"ఎవులూ నేరు బావూ."

"మీ ఆయన?"

"యేటకెళ్ళినాడు. గుజరాతు కాడ బోటు మీదున్నాడు. పండక్కి గానీ రాడు."

"పోనీ అన్నదమ్ములు?"

"ఆల్లూ అదే బోటు, బావూ. బోటు మునిగితే మా ఇంటంతట్లో మగోడు మిగలడు."

కోదండం కెమెరా వైపు చూశాడు. కెమెరా దానమ్మ పక్కనున్న ఖాళీ చోటు వైపు చూసి, ఎర్రదీపం వెలిగించింది.

"ఫోన్లో చూపిత్తే అవుద్దేటి?" అంది దానమ్మ. "బోటు ఒడ్డు కాడికొచ్చినప్పుడు అవుపిత్తాడు."

"మనిషే రావాలట," అన్నాడు కోదండం. ఆ 'ట' అనడానికి ఆయన సిగ్గుపడ్డాడు.

దానమ్మ కోపం చెయ్యలేదు. "సర్లే బావూ. సముద్రం మీదున్నోడిని కేకేత్తే వినబడదు కదా," అని చెంగు భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. లోపల్నుంచి హెడ్ నర్సు సరోజ వచ్చి, ఎవరు వెళ్ళారని అడిగింది. చెప్పాడు. ఆవిడ వరండా చివరిదాకా పరుగెత్తింది గానీ, దానమ్మ అప్పటికే ఆటో ఎక్కేసింది. రొయ్యల షెడ్డులో ఒక పూట మానితే మర్నాడు రానివ్వరు.

*

డాక్టర్ వహీదా జిల్లాకి రాసింది. మగతోడు లేని ఆడవాళ్ళు ఇక్కడ ఉన్నారనీ, వాళ్ళలో ఒకామెకి ఆలస్యమైతే ప్రాణానికే ముప్పనీ రాసింది. దానికి ప్రభంజన్ గారు ఎంతో సానుభూతితో జవాబిచ్చారు.

"పథకంలో లోపం లేదు. పురుషుడు లేకపోవడమే లోపం. కనుక పురుషుని ప్రభుత్వమే సమకూర్చును. ప్రతి ఆసుపత్రిలో సిబ్బంది నుండి ఒకరిని 'సంస్థాగత తోడు పురుషుని'గా నియమించవలెను. అతడు సచ్ఛీలుడై, ప్రస్తుతం ఏ స్త్రీ బాధ్యతా లేనివాడై ఉండవలెను. ఏలయనగా, ఉన్న బాధ్యతపై అదనపు భారం మోపరాదు."

ఆసుపత్రి మగ సిబ్బందిలో ఏ స్త్రీ బాధ్యతా లేనివాడు కోదండం ఒక్కడే. వాచ్‌మన్ గవర్రాజుకి ఇద్దరున్నారని ఊళ్ళో అనుకునేవాళ్ళు.

ఆ సాయంత్రం కోదండం ఇంటికెళ్ళి సుభాషిణి ఫోటో ముందు దీపం పెడుతూ, ఆవిడ ఉంటే ఎంత నవ్వేదో అనుకున్నాడు. పొట్ట పట్టుకుని, వంటింటి గుమ్మానికి ఆనుకుని, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వేది. తరవాత, "వెళ్ళండి, పాపం ఆడవాళ్ళు ఎదురుచూస్తూంటారు," అనేది. అంచేత వెళ్ళాడు.

ఆయనకో బ్యాడ్జీ ఇచ్చారు. పొట్టి కాళ్ళ కుర్చీ ఇచ్చారు. కరదీపిక అని ఒక పుస్తకం ఇచ్చారు. అందులో ఉన్న ప్రకారం తోడు పురుషుడు స్త్రీ పక్కన కూర్చుని, వైద్యం మొదలయ్యే ముందు స్పష్టమైన స్వరంతో "నేనున్నాను" అనాలి. కోదండం మొదటి రోజు ఆ మాట అనబోయి, "నేను... ఇక్కడే ఉంటానమ్మా," అన్నాడు. అని, కుర్చీని గోడవైపు తిప్పేసుకుని, గోడ మీది టీకాల పట్టిక చదువుతూ కూర్చున్నాడు. ఫ్యాను కూడా తనవైపు నుంచి వాళ్ళవైపు తిప్పించాడు.

వీపు చూశాక ఆడవాళ్ళకి ధైర్యం వచ్చింది. తలనొప్పులు పోయాయి. ఒకామె తెల్లబట్ట అని చెప్పింది. ఇంకొకామె, మూడో బిడ్డ వద్దు, లూపు వేయించుకుంటానని చెప్పింది. కొత్తగా పెళ్ళయిన పిల్ల ఒకత్తె, ఏదో అడగలేక అడగలేక అడిగి, డాక్టరు చెప్పిన జవాబు విని, "ఇంతేనా అమ్మా! ఇన్నాళ్ళూ సచ్చిపోతాననుకున్నాను," అని పెద్దగా నవ్వేసింది. కోదండం టీకాల పట్టిక వైపు తిరిగి తనూ నవ్వుకున్నాడు. ఆ గదిలో ఒక మనిషి భయం దిగిపోయిన చప్పుడు ఆయనకి వీపుతోనే వినిపించింది.

దానమ్మకి కబురు పంపారు. రొయ్యల షెడ్డులో బతిమాలుకుని గురువారం వచ్చింది. ఆసుపత్రి వారి మగవాడున్నాడని విని, కోదండాన్ని ఎగాదిగా చూసి, "మా ఆయనకన్నా బావున్నాడు," అని సరోజ చెవిలో అంది. సరోజ నవ్వాపుకోలేక గుడ్డ నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇద్దరూ కెమెరా ముందు నిలబడ్డారు.

ఆ ముందురోజే రాష్ట్ర కార్యాలయం కంప్యూటరుకి కొత్త తెలివితేటలు నేర్పింది. కెమెరా కోదండం ముఖాన్ని చాలాసేపు చూసింది. తరవాత తెర మీద ఇలా వచ్చింది: "ఈ పురుషుడు ఇప్పటికే వినియోగంలో ఉన్నాడు. దయచేసి వేరొక పురుషుని ఎంచుకోండి."

"ఏటంటది?" అంది దానమ్మ.

కోదండం చదివి వినిపించాడు.

"ఎవులు వాడుతున్నారు బావూ నిన్ను?"

"అందరూనమ్మా," అన్నాడు కోదండం దీనంగా.

*

విచారణకి ప్రభంజన్ గారే స్వయంగా వచ్చారు. కోదండం పక్కన ఊళ్ళోని ఆడవాళ్ళందరూ వరసగా ఉన్న ఫోటోలు బల్ల మీద పరిచి, కళ్ళజోడు తీశారు.

"ఒకే పురుషుడు! ఇందరు స్త్రీలు! సమాజానికి మనమిస్తున్న సందేశమేమిటి?"

"మీరు వేసిన ఉత్తర్వేనండీ. సంస్థాగత తోడు పురుషుడు," అన్నాడు కోదండం.

"ఉత్తర్వు వేయడం మా విధి. దానిని మీరు ఇంత విచ్చలవిడిగా అమలు చేస్తారని ఊహించలేదు."

డాక్టర్ వహీదా అడ్డొచ్చింది. "సార్, ఆయన గోడవైపు తిరిగి కూర్చుంటారండీ."

"గోడవైపా!" ప్రభంజన్ గారు అదిరిపడ్డారు. "అనగా, భాగస్వామ్యం కూడా లేదన్నమాట!"

తోడు పురుషుడి పదవి రద్దయింది. కోదండానికి మెమో వచ్చింది, విచారణ తేలేవరకూ విధులకి దూరంగా ఉండమని. బ్యాడ్జీ తిరిగిచ్చేశాడు. పొట్టి కుర్చీ కూడా ఇచ్చేశాడు గానీ, అది ఇచ్చిన మోకాలి నొప్పి మాత్రం ఆయన దగ్గరే ఉండిపోయింది.

ఇంట్లో కూర్చుంటే మోకాలు, దానమ్మ, రెండూ సలిపాయి. మొదటిదానికి కొబ్బరినూనె రాసుకున్నాడు. రెండోదానికి ఏం రాయాలో తెలియలేదు. జిల్లాకి రాస్తే జిల్లా ఏం చేస్తుందో చూశాడు కదా.

మరో గురువారం మోకాలు పట్టేసి మెట్టు దిగలేకపోయాడు. ఇక లాభం లేదని ఆసుపత్రికి బయల్దేరాడు. ఈసారి గుమస్తాగా కాదు, రోగిగా. పురుషుల విభాగం గుమ్మం వేరు. అక్కడ బల్లా లేదు, కెమెరా కూడా లేదు. గేటు బయటి కిటికీలో పేరు చెప్పగానే చీటీ వచ్చేసింది. గవర్రాజు మాత్రం గేటు దగ్గర ఆపాడు.

"తోడెవరు బావూ?"

"నాకెవరోయ్ తోడు? నీకు తెలీదా?"

"తెలుసు బావూ. కానీ అరవై దగ్గర పడ్డ పేషెంటు ఒంటరిగా లోనకెళ్తే, పడిపోతే నన్నంటారు. పాత రూలే కదా. ఎవరో ఒకరు ఉండాల."

గేటు పక్కన నీడలో ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. ప్రతి గురువారం షెడ్డులో బతిమాలుకుని వచ్చి, ఏమైనా మారిందేమో చూసి పోతోందని కోదండానికి అప్పుడే తెలిసింది. ఆమె లేచి, చీర దులుపుకుని, "నేనున్నాను బావూ," అంది.

దానమ్మకి కరదీపిక సంగతి తెలియదు. స్పష్టమైన స్వరంతోనే అంది.

గవర్రాజు తోడు వచ్చిన మనిషి ఆడా, మగా అని చూడలేదు. చూడమని ఏ ఉత్తర్వులోనూ లేదు. దానమ్మ చేతికి "సహాయకులు" అని రాసిన నీలం పట్టీ కట్టాడు. నీలం పట్టీకి ఆసుపత్రిలో అడ్డు లేదు. మందుల కొట్టుకీ, ల్యాబుకీ, నీళ్ళ కుండ దగ్గరకీ, రోగి కోసం ఎక్కడికైనా వెళ్ళచ్చు. పేషెంటుని నూట ఎనిమిది ప్రశ్నలడిగే ఆసుపత్రి, పేషెంటుతో వచ్చినవాళ్ళని ఒక్కటీ అడగదు. ఆ సంగతి అన్నేళ్ళ సర్వీసులో కోదండం ఎప్పుడూ ఆలోచించలేదు.

వరండాలో డాక్టర్ వహీదా ఎదురొచ్చింది. కుంటుతున్న కోదండాన్ని చూసింది. ఆయన చెయ్యి పట్టుకున్న దానమ్మనీ, ఆమె చేతికున్న నీలం పట్టీనీ చూసింది. చెయ్యి చాచింది.

"కోదండం గారూ, మీ చీటీ ఒకసారి ఇస్తారా?"

"ఇది మోకాలికండీ..."

"మోకాలికే. ఇవ్వండి."

ఇచ్చాడు. దానమ్మ డాక్టరు వెనక స్త్రీల విభాగంలోకి వెళ్ళింది. బల్ల దగ్గర కొత్త గుమస్తా నీలం పట్టీ చూసి దారిచ్చాడు. కోదండం బెంచీ మీద కూర్చుని మోకాలు నిమురుకున్నాడు. కొంతసేపటికి సరోజ చిన్న సీసా పట్టుకుని బయటికొచ్చింది. సీసాకి తెల్ల ప్లాస్టరు అంటించి, దాని మీద దానమ్మ అని రాసింది. దాని కింద ల్యాబువాళ్ళ కోసం చీటీ నంబరు వేసింది. ఆ నంబరు కోదండానిది.

తిరుగు జవాబు వచ్చేసరికి పదిరోజులు పట్టింది. కంప్యూటరులో కోదండం, పురుషుడు అని ఉంది. దాని కింద, గర్భసంచి ముఖంలో తొలిదశ మార్పులు, క్యాన్సరు కాదు, వదిలేస్తే అటు తిరగవచ్చు, వెంటనే చికిత్స చేయవలెను అని ఉంది. జిల్లా ల్యాబులో ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. నంబరు సరిపోయింది.

*

దానమ్మకి తోవ దొరికిన కబురు రొయ్యల షెడ్డులో పాకింది. మర్నాటి నుంచి ఆసుపత్రి గేటు దగ్గర కోదండం కోసం ఆడవాళ్ళు కాచుకుని ఉండేవాళ్ళు. సస్పెన్షన్లో ఉన్న మనిషికి పనేముంది? పొద్దున్నే వచ్చి మోకాలికి చీటీ రాయించుకునేవాడు. ఆయన వెనక సహాయకులు ఒకరు, ఇద్దరు, అరడజను. గవర్రాజుకి పట్టీలు కట్టీ కట్టీ చేతులు నొప్పెట్టాయి.

"ఏం మోకాలు బావూ ఇది," అనేవాడు. "ఊరు ఊరంతా మోయాల్సొస్తంది."

వచ్చిన ఆడవాళ్ళు ఊరికే ఉండేవాళ్ళు కాదు. ఒకామె నిజంగానే ఆయన మోకాలికి వావిలాకు కాపడం పెట్టింది. ఇంకొకామె టిఫిను డబ్బాలో చేపల పులుసు తెచ్చి, ఆయన తినడని తెలిసి నాలిక్కరుచుకుని, మర్నాడు వంకాయ కూర తెచ్చింది. సుభాషిణి పోయాక ఆయన అన్ని రకాల కూరలు ఎప్పుడూ తినలేదు.

కంప్యూటరులో మాత్రం కోదండం ఆరోగ్యం నానాటికీ విచిత్రంగా తయారైంది. ఆగస్టులో ఆయనకి లూపు వేశారు. సెప్టెంబరులో రక్తహీనతకి మాత్రలిచ్చారు. అదే నెలలో ఒకేసారి మూడో నెలా, ఏడో నెలా గర్భం. టీటీ సూది రెండుసార్లు. నెలసరి కొన్నిసార్లు సక్రమంగానూ, కొన్నిసార్లు క్రమం తప్పీ వచ్చేది.

బల్లా, కెమెరా ఉన్న గుమ్మంలో మాత్రం ఒక్క ఆడమనిషి కూడా రోగిగా పేరు రాయించుకోలేదు.

దానమ్మ చికిత్సకి ఒక యంత్రం కావాలి. ఆ చెడ్డ భాగాన్ని వేడితో కాల్చేసే చిన్న యంత్రం. అది స్త్రీల విభాగంలో ఉంది గానీ పాడైపోయి ఉంది. దాని తీగ కోసం డాక్టర్ వహీదా తిరగని చోటు లేదు. అక్టోబరు చివర్లో తీగ వచ్చింది. అది వచ్చిన రోజునే ప్రభంజన్ గారూ వచ్చారు, దండతో, శాలువాతో, ఫోటోగ్రాఫరుతో.

ఆసుపత్రి ముందు చిన్న సభ పెట్టారు. కోదండాన్ని వేదిక మీద కూర్చోబెట్టారు. దానమ్మ జనంలో నిలబడింది. ఆవేళ చికిత్స అని డాక్టరు రమ్మంటే వచ్చింది.

ప్రభంజన్ గారు కళ్ళజోడు తీసి, కంప్యూటరు తీసిన కాగితాలు గాల్లోకెత్తారు.

"స్త్రీ బాధలో పురుషుడు పాలుపంచుకోవాలని మేము కోరాము. కానీ ఈ మహనీయుడు పాలుపంచుకోలేదు! మొత్తం తానే స్వీకరించాడు! స్త్రీ జాతి వ్యాధులన్నీ తన ఒంటిపై వేసుకున్నాడు! ఇది సంపూర్ణ భాగస్వామ్యం!"

కోదండం మెల్లగా లేచాడు. "సార్, నేను మగవాణ్ణండీ."

"అదే గదా గొప్పతనం!" అని ప్రభంజన్ గారు ఆయనకి శాలువా కప్పి కూర్చోబెట్టారు. మెమో సంగతి ఎవరో అడిగితే, మెమో దారి మెమోదేనన్నారు.

తరవాత ఆయన అసలు సంగతి చెప్పారు. "ఇక ఈ ఆసుపత్రి స్త్రీల విభాగంలో స్త్రీ రోగుల సంఖ్య శూన్యం. నీలాలవలసను స్త్రీ రోగ విముక్త మండలంగా ప్రకటిస్తున్నాము! అవసరం తీరిన విభాగాన్ని కొనసాగించడం దుబారా. రేపు ఉదయం పరికరాలన్నీ జిల్లా కేంద్రానికి తరలించబడును. డాక్టర్ వహీదా గారి సేవలు మరొక మండలమునకు బదిలీ చేయబడును."

జనం చప్పట్లు కొట్టారు. దానమ్మకి ఆ మాటలు సగం అర్థం కాలేదు గానీ, డాక్టరమ్మ ముఖం అర్థమైంది. దానమ్మ చేతులు చప్పట్ల మధ్య కదలకుండా ఉండిపోయాయి. కోదండం వేదిక మీంచి ఆ చేతుల్నే చూశాడు. తీగ ఇవాళ వచ్చింది. యంత్రం రేపు పోతుంది. దానమ్మ ఒక్కర్తికీ చికిత్స ఇవాళ అయిపోవచ్చు. మరి గేటు దగ్గర కాచుకునే మిగతావాళ్ళకి?

ఆయన మళ్ళీ లేచాడు. ఈసారి మోకాలు పట్టుకుని లేచాడు.

"సార్, నాదొక విన్నపం. నా జబ్బులింకా తగ్గలేదండీ."

ప్రభంజన్ గారు కళ్ళజోడు పెట్టుకున్నారు. మొదటిసారి ఆయనకి ఎదుటి మనిషి కనబడ్డాడు.

సరోజ వెంటనే అందుకుంది. "నిజమే సార్. ఈయన స్త్రీల విభాగంలో పేషెంటు. ఇవాళ అడ్మిట్ చేసుకుంటున్నాం. పేషెంటు పడక మీద ఉండగా విభాగాన్ని కదల్చకూడదని రూలుంది కదండీ."

ఉందో లేదో ప్రభంజన్ గారికి తెలియదు. అటువంటి రూలు ఉండి తీరుతుందని ఆయన సర్వీసంతా చెబుతోంది. ఇటు ఫోటోగ్రాఫరు, అటు దండ, మధ్యలో రోగాలన్నీ భరిస్తున్న మహనీయుడు.

"ఈ త్యాగమూర్తి వైద్యానికి భంగం కలగరాదు," అన్నారు గంభీరంగా. "వీరు కోలుకునేంతవరకు విభాగము యథాతథముగా కొనసాగును. డాక్టరు గారూ, ఎప్పటికి కోలుకుంటారు?"

డాక్టర్ వహీదా కోదండం వైపు చూసి, తల అడ్డంగా ఊపింది. "ఇలాంటివి తొందరగా తగ్గవండీ."

*

జీపు వెళ్ళిపోయింది. వేదిక మీది పూలరేకులు గవర్రాజు ఊడ్చేశాడు. వెలుగుండగానే డాక్టరు యంత్రానికి తీగ పెట్టింది. కోదండం ఈసారి గది బయటే, శాలువాతో బెంచీ మీద కూర్చున్నాడు. లోపల ఒకసారి దానమ్మ "అబ్బా" అంది. సరోజ ఏదో అంది. ఇద్దరూ నవ్వారు. అంతే, అయిపోయింది.

"పూర్తిగా పోయిందండీ," అంది డాక్టర్ వహీదా బయటికొచ్చి, చేతులు తుడుచుకుంటూ. "ఏడాదికోసారి చూపించుకుంటే చాలు. ఇప్పుడింటికెళ్తే తెల్లారే ఐసులోకి దిగుతుంది. రెండు రోజులు ఇక్కడే పడుకోనివ్వండి. మీ పడక ఉంది కదా."

పేషెంటు కోదండం పేరు మీద వచ్చిన భోజనం దానమ్మ తింది. అన్నం, పప్పు, ఉడికిన గుడ్డు, పాలు. ఆమె కూతురు ఊరినుంచి వచ్చి, సహాయకుల పట్టీ కట్టించుకుని పక్కన కూర్చుంది. రొయ్యల షెడ్డు మేస్త్రీకి సరోజ ఫోను చేసి, దానమ్మ ఆసుపత్రిలో ఒక ముసలాయనకి సాయంగా ఉందని చెప్పింది. ముసలాయన అన్న మాటకి కోదండం కొంచెం నొచ్చుకున్నాడు.

సందె దీపాలు వెలిగాయి. ఆయన ఇంటికి బయల్దేరబోతూ వార్డు గుమ్మం దగ్గర ఆగాడు. తలుపు మీద పేషెంటు పేరు రాసే పలక ఉంది. సుద్దముక్కతో సరోజ పెద్దక్షరాల్లో కోదండం అని రాసింది. లోపల దానమ్మ అటు తిరిగి పడుకుంది. ఎన్నో నెలల తరవాత వెచ్చగా, పొడిగా ఉన్న ఆమె పాదాలు దుప్పటి బయటికొచ్చాయి. శాలువా తీసి కూతురి చేతికిచ్చి, కప్పమని సైగ చేశాడు.

"ఎల్లిపోయినాడేటి బావు?" అని దానమ్మ నిద్రలోనే అడిగింది.

"ఉన్నానమ్మా," అన్నాడు కోదండం.

తలుపు కీచుమంటుందని ఆయనకి తెలుసు. కాస్త పైకెత్తి, చప్పుడు కాకుండా దగ్గరికి వేశాడు.